ముస్లిం రచయితల బహుమతులకు మతం గురించే రాయాలా?

అక్కర్లేదు, ఇలాంటి బహుమతులు సాధారణంగా రాసింది ఎవరో చూస్తాయి గానీ దేని గురించి రాయాలో చెప్పవు. ప్రచురణ రంగంలో పరిచయాలు లేని కొత్తవాళ్ల రాతప్రతిని ఎవరో ఒకరు శ్రద్ధగా చదవాలి, వాళ్ల పేరు బయటికి రావాలి అన్నదే వీటి ఉద్దేశం. 2006లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో మొదలైన ముస్లిం రైటర్స్ అవార్డ్స్‌నే చూడండి. కథ, కవిత, నవల, పిల్లల కథ అంటూ ప్రక్రియల వారీగా విభాగాలు పెట్టి, ఇంకా అచ్చుకాని రచనలకూ చోటిచ్చారు. అన్నిటికంటే మేలైన పని అదే. చాలామంది వీటిని మతగ్రంథాల పోటీ అనుకుని తమ ప్రేమకథో డిటెక్టివ్ నవలో పంపకుండా ఆగిపోతారు. అది పొరపాటు. కొన్ని పోటీల్లో మాత్రం ప్రత్యేక అంశం ఉండొచ్చు కాబట్టి, పంపేముందు ఆ ఏడాది నిబంధనలు చదవండి.