సూకీ స్టాక్‌హౌస్ పదమూడు పుస్తకాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఛార్లైన్ హ్యారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ నవలల గురించే. సదరన్ వాంపైర్ మిస్టరీస్ అన్నా ఇవే. ఇంకా మొదలుపెట్టనివారి కోసం కథ రెండు ముక్కల్లో: అమెరికాలోని లూసియానా రాష్ట్రం, అందులో బాన్ టాంప్స్ అనే కల్పిత ఊరు. జపాన్‌లో కృత్రిమ రక్తం తయారవడంతో, ఇక మనుషుల రక్తం తాగాల్సిన పని లేదంటూ వాంపైర్లు బయటపడి లోకంలో కలిసి బతుకుతుంటారు. సూకీ అక్కడి మెర్లాట్స్ బార్లో వెయిట్రెస్. ఎదుటివాళ్ల మనసులో మాట ఆమెకు వినిపిస్తుంది. ప్రతి పుస్తకంలోనూ ఏదో ఒక హత్యో, మాయమైన మనిషో ఉంటారు. హంతకుల పేర్లు ఇక్కడ ఎక్కడా చెప్పడం లేదు, ధైర్యంగా చదవండి.

ప్రశ్న: పాత పుస్తకాల షాపులో నాలుగు దొరికాయి. అన్నిటి పేర్లలోనూ ‘డెడ్’ ఉంది. ఏది ముందో తెలియడం లేదు. వరుస తప్పితే నష్టమా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నష్టమే. హత్య ఏ పుస్తకానికి ఆ పుస్తకంలోనే తేలుతుంది కానీ, మనుషుల మధ్య లెక్కలు తేలవు. మొదటి పుస్తకంలో సూకీ ఆ ప్రాంతపు వాంపైర్ల అధికారి (షెరీఫ్) ఎరిక్‌తో ఒక ఒప్పందం చేసుకుంటుంది: నా శక్తితో మీకు సాయం చేస్తాను, కానీ దొరికిన మనిషిని మీరు చంపకుండా పోలీసులకు అప్పగించాలి. రెండో పుస్తకంలో ఆమె డాలస్ వెళ్లేది ఆ ఒప్పందం వల్లే. నాలుగో పుస్తకం చివర్లో సూకీ వంటగదిలో జరిగే సంఘటన అయిదు, ఆరు పుస్తకాలు దాటాక కూడా ఆమెను వదలదు. అయిదోదాన్ని ముందు చదివితే ఆ వంటగది సంగతి మీకు వార్తలా తెలుస్తుంది తప్ప గుండె ఝల్లుమనదు.

వరుస ఇది. డెడ్ అంటిల్ డార్క్ (2001), లివింగ్ డెడ్ ఇన్ డాలస్ (2002), క్లబ్ డెడ్ (2003), డెడ్ టు ద వరల్డ్ (2004), డెడ్ యాజ్ ఎ డోర్‌నెయిల్ (2005), డెఫినిట్లీ డెడ్ (2006), ఆల్ టుగెదర్ డెడ్ (2007), ఫ్రమ్ డెడ్ టు వర్స్ (2008), డెడ్ అండ్ గాన్ (2009), డెడ్ ఇన్ ద ఫ్యామిలీ (2010), డెడ్ రెకనింగ్ (2011), డెడ్‌లాక్డ్ (2012), డెడ్ ఎవర్ ఆఫ్టర్ (2013). ఏడాదికొకటి చొప్పున వచ్చాయి కాబట్టి షాపులో నిలబడి తేల్చుకోవడం సులువు. పుస్తకం తెరిచి కాపీరైట్ సంవత్సరం చూడండి. పునర్ముద్రణ సంవత్సరం చూస్తే మోసపోతారు. మీ నాలుగింటిలో మొదటిది లేకపోతే, దొరికేదాకా మిగతావి పక్కన పెట్టండి.

ప్రశ్న: అయిదో పుస్తకం ముగించి ఆరోది తెరిస్తే, సూకీ మేనత్త కూతురు హ్యాడ్లీ అప్పటికే చనిపోయి ఉంది! మధ్యలో ఏదో పుస్తకం వదిలేశానా, నా ప్రతిలో పేజీలు పోయాయా? (హనుమకొండ, కాలేజీ అధ్యాపకురాలు)

జవాబు: మీ ప్రతి బాగానే ఉంది. ఆ ముక్క నవలల్లో లేదు, ‘వన్ వర్డ్ ఆన్సర్’ అనే కథలో ఉంది. ఒక రాత్రి సూకీ ఇంటి ముందు పొడుగాటి కారు ఆగుతుంది, లాయరు దిగి హ్యాడ్లీ కబురు చెబుతాడు. ఆరో నవలంతా ఆ కబురు మీదే నడుస్తుంది. ఈ సిరీస్‌లో ఎక్కువమంది తడబడే చోటు ఇదే. నవలల వరుసలోనే ఆ కథకు చోటివ్వాల్సింది, ఇవ్వలేదు.

ఎ టచ్ ఆఫ్ డెడ్ (2009) అనే సంపుటిలో అలాంటి కథలు అయిదున్నాయి. నాలుగో నవల తర్వాత ‘ఫెయిరీ డస్ట్’, ‘డ్రాక్యులా నైట్’ చదవండి. అయిదుకూ ఆరుకూ మధ్య ‘వన్ వర్డ్ ఆన్సర్’, ఏడు తర్వాత ‘లక్కీ’, ఎనిమిది తర్వాత ‘గిఫ్ట్ ర్యాప్’. వీటిలో తప్పనిసరి అంటే ‘వన్ వర్డ్ ఆన్సర్’ ఒక్కటే. మిగతావి సరదాకి.

ప్రశ్న: మనసులో మాట వినిపించే మనిషికి హంతకుడు ఎవరో మొదటి పేజీలోనే తెలిసిపోవాలి కదా? ఇది రచయిత్రి మనల్ని మభ్యపెట్టడం కాదా? (రాజమహేంద్రవరం, డిటెక్టివ్ నవలల పాఠకుడు)

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సిరీస్ మొత్తం చేతికి దొరికినట్టే. హ్యారిస్ ఈ నవలలకు ముందు మామూలు డిటెక్టివ్ నవలలు రాసిన మనిషి. సూకీకి ఇచ్చిన శక్తి చుట్టూ ఆమె చాలా జాగ్రత్తగా కంచె వేసింది.

సూకీ నిత్యం వింటూ కూర్చోదు. ఊరందరి చెత్తా చెవిలో పడుతుంటే పిచ్చెక్కుతుంది కాబట్టి చిన్నప్పటి నుంచీ మనసుకు తలుపు వేసుకోవడం అలవాటు చేసుకుంది. బార్లో పని చేస్తున్నంతసేపూ ఆ తలుపు పట్టుకునే ఉంటుంది. అలసిపోయినా, భయపడినా అది జారిపోతుంది. మనిషిని ముట్టుకుంటే స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే ఎవరి చెయ్యో పట్టుకున్న సన్నివేశం వచ్చినప్పుడల్లా నెమ్మదిగా చదవండి, ఆధారం సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

ఇంకొకటి, మనుషులు ‘నేను ఫలానావాణ్ణి చంపాను’ అని వాక్యాలుగా ఆలోచించరు. ఆకలి, విసుగు, పాట ముక్క, ఎవరి మీదో కసి, ఇవన్నీ కలగాపులగంగా తిరుగుతాయి. సూకీకి వినిపించేదీ అదే. మొదటి పుస్తకంలో ఊరి ఆడవాళ్లు వరసగా హత్యకు గురవుతుంటే, సొంత అన్నా స్నేహితులూ మనసులో ఏం దాచుకున్నారో చూడటానికి ఆమెకే భయం. వినడం చేతనై కూడా వినడానికి ఇష్టపడని మనిషి ఆమె. మిస్టరీ నిలబడింది ఆ పునాది మీదే.

ఇక మనుషులు కానివాళ్లు. తోడేలుగానో మరో జంతువుగానో మారే కామరూపుల మనసు మసక మసకగా, కోపతాపాలుగా అందుతుంది, మాటలు విడిగా తెలియవు. వాంపైర్ల దగ్గర నిశ్శబ్దమే. బిల్ కాంప్టన్ మెర్లాట్స్‌లో అడుగుపెట్టిన రాత్రి సూకీ అతనికి ఆకర్షితురాలయ్యేది అతని అందానికి కాదు, ఆ నిశ్శబ్దానికి. పుట్టిన దగ్గర్నుంచి ఎవరి పక్కనా ప్రశాంతంగా కూర్చోలేని పిల్ల ఆమె. ప్రేమకథకూ మిస్టరీకీ మూలం ఒకటే కావడం ఈ సిరీస్‌లో గొప్ప పనితనం. ఎవరి దగ్గర ఆమెకు హాయిగా ఉందో, సరిగ్గా వాళ్లే ఆమెను మోసం చెయ్యగలరు, ఎందుకంటే వాళ్ల మనసు ఆమెకు వినపడదు. బిల్ చెప్పే ప్రతి మాటనూ ఈ దృష్టితో గుర్తుపెట్టుకోండి. ఆరో పుస్తకంలో పనికొస్తుంది.

అదే రాత్రి బార్ పార్కింగ్ స్థలంలో జరిగేది ఒకసారి పరిశీలనగా చదవండి. ఒక జంట బిల్‌ను వెండి గొలుసులతో కట్టేసి రక్తం తోడేస్తుంటారు. వాంపైర్ రక్తం గాయాలు మాన్పుతుంది, ఒంటికి బలమిస్తుంది, అందుకే దాన్ని మత్తుమందులా దొంగచాటుగా అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. ఆ జంట ఆలోచన సూకీకి బార్లోనే వినిపించింది కాబట్టే వెతుక్కుంటూ వచ్చింది. వెండి ఏం చేస్తుందో, రక్తం విలువెంతో, సూకీ ఎంత దూరం వెళ్లగలదో అన్నీ ఆ కొన్ని పేజీల్లోనే నేర్పేసింది రచయిత్రి. వివరణ అంటూ ఒక్క పేరా విడిగా రాయలేదు.

ప్రశ్న: పేర్లు గుర్తుండటం లేదు. ఎవరు తోడేలో, ఎవరు చిరుతో, ఎవరు ఏ రాణి మనిషో కలిసిపోతున్నాయి. (కరీంనగర్, గృహిణి)

జవాబు: నాలుగో పుస్తకం నుంచి అందరికీ ఇదే ఇబ్బంది. నోటుబుక్కులో ఒక్కో మనిషికి ఒక్కో వరుస పెట్టండి. పేరు, జాతి, ఎవరి కింద పనిచేస్తారు, సూకీకి ఏం బాకీ ఉన్నారు లేదా సూకీ వాళ్లకేం బాకీ ఉంది. చివరిది వదలొద్దు, ఈ లోకంలో కథ నడిచేది బాకీల మీదే.

వాంపైర్ల పాలన తేలిక. రాష్ట్రానికొక రాజో రాణో, రాష్ట్రం లోపల ఏరియాలు, ఏరియాకొక షెరీఫ్. బాన్ టాంప్స్ ఉండేది ఏరియా అయిదులో, షెరీఫ్ ఎరిక్ నార్త్‌మన్, అతని స్థావరం ష్రీవ్‌పోర్ట్‌లోని ఫాంగ్‌టేసియా బార్. కామరూపుల్లో తోడేళ్లు తామే ఎక్కువని గర్వపడతారు, గుంపుకొక నాయకుడుంటాడు. హాట్‌షాట్ అనే ఊళ్లో ఉండేవాళ్లు చిరుతలు. మెర్లాట్స్ యజమాని శామ్ ఏ జంతువుగానైనా మారగలడు.

సూకీ ఎప్పుడు ఎవరి రక్తం తాగాల్సి వచ్చిందో కూడా ఒక మూల రాసుకోండి. గాయం మానడంతో ఆ సంగతి ముగిసిపోదు, తాగించిన వాంపైర్‌కు ఆమె ఎక్కడుందో తెలుస్తుంటుంది. ఏడో పుస్తకంలో ఈ లెక్క చాలా ముఖ్యమవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ట్వైలైట్ చదివేసి ఇవి అడుగుతోంది. కొనివ్వమంటారా? (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక తల్లి)

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఇవి పెద్దల పుస్తకాలు. శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది. అది ఒక్కటే అయితే మీ ఇష్టానికి వదిలేసేవాళ్లం. మొదటి పుస్తకంలో చిన్నపిల్ల మీద బంధువు చేసిన అఘాయిత్యం ప్రస్తావన ఉంది. మూడోదాంట్లో కారు డిక్కీలో జరిగే బలాత్కార సన్నివేశం ఉంది. తొమ్మిదో పుస్తకం చివర చిత్రహింస ఘట్టం పెద్దవాళ్లకే కష్టం. పద్దెనిమిది నిండాక, ముందు మీరు చదివి ఇవ్వండి. టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి, రెండో పుస్తకంలో డాలస్ మీకు ఆసక్తిగా ఉంటుంది.

ప్రశ్న: ఈ నవలల ఆధారంగా తీసిన టీవీ సిరీస్ ట్రూ బ్లడ్ చూసేశాను. ఇంకా పుస్తకాలు చదవాలా? (హైదరాబాద్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: చదవండి. 2008 నుంచి 2014 దాకా ఏడు సీజన్లు వచ్చిన ఆ సిరీస్‌లో మొదటి సీజన్ మొదటి పుస్తకానికి దగ్గరగా ఉంటుంది, కాబట్టి ఆ హంతకుడి సంగతి మీకు తెలిసిపోయినట్టే. అక్కణ్ణుంచి దారులు విడిపోతాయి. టీవీలో అందరికీ ఇష్టమైన లఫాయెట్ పుస్తకాల్లో రెండో భాగం మొదట్లోనే శవమై కనిపిస్తాడు. జెస్సికా పుస్తకాల్లో లేనే లేదు. పులిగా మారే క్విన్ టీవీలో లేడు. అన్నిటికంటే పెద్ద తేడా, పుస్తకాలు, చివరిదాంట్లో కొన్ని చిన్న ఘట్టాలు తప్ప, సూకీ గొంతులోనే నడుస్తాయి. ఆమె లేని గదిలో ఏం జరిగిందో దాదాపు ఎప్పుడూ మనకూ తెలియదు.

ఇంకా చదవనివారు మాత్రం ముందు పుస్తకం, తర్వాత సీజన్.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఈ ఇంగ్లిష్ అందుతుందా? (నంద్యాల, బ్యాంకు ఉద్యోగి)

జవాబు: అందుతుంది. చెప్పేది కాలేజీ చదువు లేని ఒక వెయిట్రెస్, వాక్యాలు పొట్టివి. రోజుకొక కొత్త మాట నేర్పే క్యాలెండర్ సూకీ దగ్గర ఉంది, ఆ మాటను ఆమె అక్కడక్కడా గర్వంగా వాడుతుంది, మీరూ దానితోపాటే నేర్చుకోవచ్చు. ఒక్కో నవల ఇంచుమించు 300 పేజీలు. మొదటి రెండు అధ్యాయాలు డిక్షనరీ లేకుండా లాక్కెళ్లండి. అప్పటికీ తడబడితే జొహానా పార్కర్ చదివిన ఆడియో పుస్తకం పెట్టుకుని ప్రతిని చేతిలో పట్టుకోండి. ఆ దక్షిణాది యాస చెవిన పడ్డాక పేజీ మీది మాట తేలికవుతుంది.

ప్రశ్న: మన క్షుద్ర నవలలు చదివి పెరిగాను. ఇందులో భయమే లేదు. (ఒంగోలు)

జవాబు: భయపెట్టడం ఈ నవలల ఉద్దేశం కాదు. వాంపైర్లు ఇక్కడ పన్నులు, హక్కులు, వ్యాపారం ఉన్న పౌరులు. పిలవనిదే ఇంట్లోకి రాలేరు, ఇచ్చిన పిలుపు వెనక్కి తీసుకుంటే ఎంతటివాడైనా గుమ్మం దాటి పోవాల్సిందే. నాలుగో పుస్తకం మొదట్లో, కొత్త సంవత్సరం తొలి గంటల్లో, గడ్డకట్టే చలిలో ఒంటి మీద చొక్కా, కాళ్లకు చెప్పులు లేకుండా రోడ్డు మీద పరిగెత్తుతున్న మనిషి సూకీ కారు దీపాల వెలుగులో కనపడతాడు. చూస్తే ఎరిక్. తనెవరో అతనికే తెలియదు. వేరే రచయిత అయితే అక్కడ వణికించేవాడు. హ్యారిస్ సూకీ చేత అతన్ని ఇంటికి తీసుకెళ్లి కాళ్లు కడిగిస్తుంది. ఆ పుస్తకం దాకా వచ్చి అప్పుడు చెప్పండి. సిరీస్‌లో ఉత్తమమైనది మా లెక్కలో అదే.

ప్రశ్న: పదో పుస్తకం దగ్గర ఆగిపోయాను. ముగింపు కూడా బాగోదంటున్నారు. (విశాఖపట్నం)

జవాబు: పదోదాంట్లో మిస్టరీ పలచనే. తొమ్మిదో పుస్తకంలో సూకీకి తగిలిన దెబ్బల నుంచి కోలుకోవడమే అందులో అసలు విషయం, అలా అనుకుని చదివితే సాగుతుంది. వదిలేసి పదకొండుకు దూకకండి, కుటుంబం తాలూకు సంగతులు తెగిపోతాయి.

పదమూడోదాని ముగింపు 2013లో విడుదలకు ముందే బయటికి పొక్కి పెద్ద గొడవైంది. ఎరిక్ పక్షం వాళ్లూ బిల్ పక్షం వాళ్లూ ఇద్దరూ కోప్పడ్డారు. సూకీ చివరికి ఎవరి పక్కన నిలుస్తుందో పేరు చెప్పం కానీ, మొదటి పుస్తకంలో సూకీ పెరట్లో ఎండలో పడుకోవడం ఎంత ఇష్టమో చెప్పిన పేజీలు మళ్లీ తిరగెయ్యండి. మా దృష్టిలో ముగింపు న్యాయమైనదే, చివరి పుస్తకంలో తొందర మాత్రం ఉంది.

ఆఫ్టర్ డెడ్ (2013) అనేది నవల కాదు. ఏ పాత్ర తర్వాత ఏమైందో అక్షరక్రమంలో రెండేసి ముక్కలు చెప్పే చిన్న పుస్తకం. పదమూడూ అయ్యేదాకా తెరవకండి, ఏ పేజీ తీసినా ఏదో ఒక రహస్యం బయటపడుతుంది. అన్నీ అయ్యాక కూడా ఆ లోకం వదలబుద్ధి కాకపోతే, ఇదే రచయిత్రి మిడ్‌నైట్ టెక్సస్ మూడు నవలలు (2014 నుంచి 2016) పట్టుకోండి. క్విన్ అక్కడ మళ్లీ కలుస్తాడు.