దూరంగా చదువుకుంటున్న పిల్లలకి రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేయాలి?

లెక్క కన్నా ముఖ్యం, ఆ టైము వాళ్లు చెప్పాలి. వారానికి 2, 3 కాల్స్, మధ్యలో చిన్న మెసేజ్‌లు చాలు. మొదటి కొన్ని వారాలు బెంగ ఎక్కువ. రాత్రి 11కి ఏడుస్తూ ఫోన్ చేస్తే వెంటనే బ్యాగు సర్దుకోకండి. "నేనేమైనా చేయాలా, వింటే చాలా?" అని అడగండి. చాలాసార్లు వినడమే కావాలి. మీకు చెప్పుకుని వాళ్లు హాయిగా నిద్రపోతారు, తెల్లవార్లూ మేలుకునేది మీరే.

డబ్బు నెలకోసారి ఒకే మొత్తం పంపండి. 20వ తేదీకే అయిపోతే తిండికి సరిపడా మాత్రం ఇచ్చి, ఖర్చుల లెక్క వాళ్లచేతే రాయించండి. అడిగినప్పుడల్లా వేస్తే లెక్క ఎప్పటికీ రాదు.

తిండి, నిద్ర, క్లాసులు మానేసి 2 వారాలైతే మాత్రం ఆగకుండా వెళ్లండి. చచ్చిపోవాలనుంది అంటే ఆ క్షణమే.