మూల కుంగిన ఇల్లు: 6 లక్షలు ఇప్పుడే పెట్టాలా?

ప్రశ్న: నరసరావుపేట దగ్గర నల్లరేగడి నేలలో 2014లో ఇల్లు కట్టుకున్నాం. పునాది 4 అడుగుల రాతికట్టు. ఈ ఎండాకాలం ఈశాన్యం గదిలో కిటికీ మూల నుంచి కప్పు దాకా ఏటవాలుగా బీట వచ్చింది, తలుపు పట్టేస్తోంది. పునాది కింద కాంక్రీటు పోయాలి, 6 లక్షలవుతుందని మేస్త్రీ అంటున్నారు. మా దగ్గర 5 లక్షల ఎఫ్‌డీ ఉంది, గృహరుణం నడుస్తోంది. బ్యాంకు 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా? బీమా వస్తుందా?

జవాబు: ఇప్పుడే లోన్ వద్దు. మేస్త్రీ చెప్పింది ఆఖర్న చేయాల్సిన పని. కారణం తేలకుండా చేయిస్తే డబ్బూ పోతుంది, బీటా మళ్లీ వస్తుంది.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇంటి నడిమి మట్టిలో చెమ్మ నిలుస్తుంది, అంచుల్లో పొలంలో మాదిరే నెర్రెలిస్తుంది. అందుకే మూలలు ముందు దిగుతాయి. ఏటవాలు బీట పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే సాధారణంగా మూల దిగుతున్నట్టు. గోడ బయటి వైపూ అదే చోట కనిపిస్తోందా చూడండి. లోపల మాత్రమే ఉండి, వెంట్రుకవాసి మందం దాటకపోతే అది ప్లాస్టరింగు బీట కావచ్చు.

బీటకు అడ్డంగా రెండు మూడు చోట్ల సన్నని గాజు పట్టీలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాయండి. పట్టీ పగిలిందంటే గోడ ఇంకా కదులుతోంది. ప్రతి నెలా వెడల్పు కొలిచి, స్కేలు పెట్టి ఫొటో తీయండి. వానలకు మూసుకుని ఎండలకు తెరుచుకుంటే అది నేల గుణం. ఏ కాలంలోనైనా పెరుగుతూనే ఉంటే ఎక్కడో నీరు కారుతోందనో, పునాది కింద పూడిక మట్టి అణుగుతోందనో అనుమానించాలి. 5 మిల్లీమీటర్ల లోపు బీట ఎక్కువగా చూడ్డానికి బాగోదు, అంతే. 15 దాటినా, వారాల్లోనే పెరిగినా, స్తంభమో దూలమో పగిలినా ఈ గమనింపులన్నీ పక్కనపెట్టి గది ఖాళీ చేసి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

వాస్తు ప్రకారం సంపు ఈశాన్యంలోనే ఉంటుంది కాబట్టి ముందు దాన్నే చూడండి. రాత్రి మోటారూ కుళాయిలూ కట్టేసి నీటిమట్టం గుర్తుపెట్టి, తెల్లారి చూస్తే లీకు తెలిసిపోతుంది. డాబా నీటి గొట్టాలు గోడ మొదట్లో పడకుండా దూరంగా మళ్లించండి. పునాదిని ఆనుకుని ఇంకుడు గుంత ఉంటే మార్చాలి. ఇంటి చుట్టూ మీటరు, మీటరున్నర వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు చపటా వేయించండి. దగ్గర్లో పెద్ద చెట్టుంటే ఒక్కసారిగా నరికేయకండి. అది పీల్చే నీరు మట్టిలోనే మిగిలి నేల ఉబ్బుతుంది, గోడ ఈసారి పైకి లేస్తుంది. కొమ్మలు కొట్టించి అదుపులో ఉంచడమే మేలు. బీటలో సిమెంటు నింపడానికి కూడా నడివేసవి సరైన అదను కాదు. వానలకు మట్టి ఉబ్బినప్పుడు పక్కన కొత్త బీట పుడుతుంది.

మేస్త్రీ పద్ధతి మీద నాకు రెండు అభ్యంతరాలున్నాయి. నల్లరేగడిలో కదలిక సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుంది. 4 అడుగుల పునాది కింద మరో రెండడుగులు పోస్తే కదిలే మట్టిలోనే ఆగుతుంది. రెండోది, గోడ పొడవునా ఒకేసారి తవ్వితే గోడే దిగుతుంది. సుమారు మీటరు ముక్కలుగా, పక్కపక్కవి కాకుండా ఒకటి విడిచి ఒకటి చేయాలి. మట్టి పరీక్ష, ఇంజనీరు డ్రాయింగు లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక డబ్బు. ఇంజనీరుకూ మట్టి పరీక్షకూ 50 వేలు, నీటి పనులకు లక్షన్నర పక్కన పెట్టండి. దీనికి ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ హామీగా ఉంచి కావాల్సినంత వాడుకునే అప్పు) చాలు. వడ్డీ ఎఫ్‌డీ రేటు కంటే సాధారణంగా 1 నుంచి 2 శాతం ఎక్కువ, అదీ వాడుకున్నంతకే. ఒక ఏడాది, అంటే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాక కూడా పునాది పని తప్పదంటే గృహరుణం మీద టాప్‌అప్ (ఉన్న రుణానికి అదనంగా ఇచ్చే అప్పు) అడగండి. 6 లక్షలు అయిదేళ్లకు 14 శాతం చొప్పున నెలకు సుమారు 13,960 కట్టాలి. టాప్‌అప్ 9 శాతానికి దొరికితే 12,455. మొత్తమ్మీద తేడా దాదాపు 90 వేలు.

బీమా విషయంలో ముందు కాగితం చూడండి. గృహరుణంతో ఇచ్చేది చాలాసార్లు రుణగ్రహీత ప్రాణానికే, ఇంటికి కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ అయితే ఇల్లున్న నేల కుంగడం అందులో ఉంది. కానీ కొత్త కట్టడం సర్దుకోవడం వల్ల వచ్చే మామూలు బీటలు, పూడిక నేల కదలిక, డిజైన్ లోపం, నాసి పని మినహాయింపులు. నల్లరేగడిలో లోతు చాలని పునాది వేశారని బీమా కంపెనీ పంపే సర్వేయర్ రాస్తే క్లెయిమ్ నిలవడం కష్టం. అయినా బీమా కంపెనీకి వెంటనే తెలియజేయండి, సర్వేయర్ చూడకముందు మరమ్మతు చేయించకండి. ఇంజనీర్ల ఫీజు కూడా క్లెయిమ్ మొత్తంలో 5 శాతం వరకు వస్తుంది. ఇవాళ కొత్త పాలసీ తీసుకుంటే ఇప్పటికే ఉన్న బీటకు రాదు. కాబట్టి లెక్కల్లో బీమా సొమ్ము సున్నా అనుకోండి.

మరమ్మతు రుణం వడ్డీకి, మీరుంటున్న ఇంటి మీద, పాత పన్ను విధానంలో ఏడాదికి 30 వేల దాకానే మినహాయింపు. అదీ గృహరుణం వడ్డీతో కలిపి 2 లక్షల పరిమితిలోనే. కొత్త విధానంలో అదీ లేదు.