అభిప్రాయం సరే, లెక్క ఏదీ?
(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

ప్ర: పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాను. నా ఫోన్ బ్యాటరీ 5000. ఫోన్ రెండుసార్లు నిండాలి కదా? ఒకటిన్నరసార్లకే చేతులెత్తేస్తోంది. ఈ కంపెనీలన్నీ మోసమే అని నా అభిప్రాయం. కాదంటారా?

జ: పూర్తి మోసం కాదు, కాస్త గడుసుతనం. పెట్టె మీద వేసిన 10000 నిజమే. కాకపోతే అది లోపలున్న సెల్ లెక్క, కేబుల్ గుండా బయటికొచ్చే దాని లెక్క కాదు. సెల్ పనిచేసేది 3.7 వోల్టుల దగ్గర. యూఎస్‌బీ నుంచి బయటికి రావాల్సింది కనీసం 5 వోల్టులు, ఫాస్ట్ చార్జింగ్ అయితే 9, అంతకంటే ఎక్కువ కూడా. వోల్టేజి పెరిగితే ఆ మేరకు ఎంఏహెచ్ తగ్గక తప్పదు. అందుకే ఎంఏహెచ్‌ను పక్కనపెట్టి వాట్ అవర్లలో, అంటే బ్యాటరీలో ఉన్న మొత్తం శక్తిలో లెక్క వేయండి.

పవర్ బ్యాంక్‌లో ఉన్నది 10000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు), అంటే 10 ఆంపియర్ అవర్లు. 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్లు. వోల్టేజి పెంచే సర్క్యూట్‌లోనూ కేబుల్‌లోనూ కలిపి 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది. మిగిలేది 32 అనుకుందాం. మీ ఫోన్ బ్యాటరీ 5 ఆంపియర్ అవర్లు, సుమారు 3.85 వోల్టులు, అంటే 19 పైచిలుకు. ఫోన్ లోపల వోల్టేజిని మళ్లీ కిందికి దించేటప్పుడు ఇంకో పదోవంతు ఆవిరి. అంటే ఫోన్ ఒకసారి నిండాలంటే 21 పైనే కావాలి. 32ని 21తో భాగించండి, ఒకటిన్నర. మీ పవర్ బ్యాంక్ నిక్షేపంలా ఉంది.

ఈసారి కొనేటప్పుడు ముందువైపు పెద్ద అంకెను చూడకండి. వెనక చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఉంటుంది. పదివేల దానికి 5 వోల్టుల దగ్గర 6000 నుంచి 6500 మధ్య రాసి ఉంటే మర్యాదస్తుల సరుకే. ఆ వరుసే లేకపోతే కొనకండి. ఒక్కసారి కూడా నిండకపోతే మాత్రం ముందు కేబుల్ మార్చి చూడండి, చార్జింగ్‌లో ఉండగా ఫోన్ వాడటం ఆపండి. చాలామంది వీడియో చూస్తూ చార్జింగ్ పెట్టి, ఎక్కట్లేదని పవర్ బ్యాంక్‌ను తిడతారు.

విమానం ఎక్కేవాళ్లకు ఒక మాట: మామూలుగా అనుమతి ఉండేది 100 వాట్ అవర్ల దాకా, అంటే సుమారు 27000 ఎంఏహెచ్. అదీ చేతి సామానులోనే, లగేజీలో వేయకూడదు. పవర్ బ్యాంక్ పొట్ట ఉబ్బితే దాన్ని నొక్కకండి, గుచ్చకండి, మళ్లీ చార్జింగ్ పెట్టకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయొద్దు.

ప్ర: రాత్రంతా ఫోన్ చార్జింగ్‌లో ఉంచితే పేలుతుందా?

జ: మంచి ఫోన్, మంచి చార్జర్ అయితే వంద శాతం నిండగానే సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది. బ్యాటరీని ముసలిదాన్ని చేసేవి రెండు: వేడి, గంటల తరబడి వంద శాతం దగ్గర నిలబడటం. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే ఆన్ చేయండి. దిండు కింద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

ప్ర: కోట్లమంది ఓటర్లున్న చోట వెయ్యిమందిని అడిగి ఫలితం చెప్పేస్తారు. నన్నయితే ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. సర్వేలన్నీ డబ్బిచ్చి రాయించుకున్నవే అని నా గట్టి నమ్మకం.

జ: మిమ్మల్ని అడగకపోవడంలో వింతేమీ లేదు. కోటిమందిలో వెయ్యిమందిని ఏరితే మీ వంతు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి. డబ్బిచ్చి రాయించుకునేవి ఉండవని మేము పూచీ పడం. కానీ 'వెయ్యిమంది చాలరు' అన్న మీ అభ్యంతరం మాత్రం నిలవదు.

చీటీలు వేసి తీసినట్టు, ఎవరికైనా సమానంగా అవకాశం ఉండేలా వెయ్యిమందిని ఎంచితే పొరపాటు అటూ ఇటూ 3 శాతం. రెండువేలమందిని అడిగితే 2.2. నాలుగువేలకు వెళ్తే ఒకటిన్నర. అంటే పొరపాటును సగం చేయాలంటే నాలుగింతల మందిని అడగాలి, ఖర్చూ నాలుగింతలే. అందుకే చాలా సర్వేలు వెయ్యీ రెండువేల మధ్య ఆగిపోతాయి. జనాభా పది లక్షలైనా పది కోట్లైనా ఈ లెక్క దాదాపు మారదు. చాలామందికి మింగుడుపడనిది ఇక్కడే.

అసలు చిక్కు ఎంతమందిని అడిగారన్నది కాదు, ఎవర్ని అడిగారన్నది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీల్లోంచీ కార్ల రిజిస్ట్రేషన్ల జాబితాల్లోంచీ పేర్లు తీసి సుమారు కోటిమందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అదే ఎన్నికలో సర్వేలు చేసే జార్జ్ గ్యాలప్ యాభైవేలమందితోనే గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు జనం మొత్తానికి ప్రతినిధులు కారు. పైగా లాండన్ వైపువాళ్లే ఎక్కువ పట్టుదలగా బ్యాలెట్లు తిప్పి పంపారు. ఇప్పుడు టీవీ చానళ్లు 'లక్షమంది ఓటేశారు' అని చూపించే ఆన్‌లైన్ పోల్ కూడా ఈ బాపతే. తమంత తాము వచ్చి నొక్కినవాళ్ల లెక్క అది. లక్ష అయినా కోటి అయినా దానికి విలువ లేదు.

సరైన సర్వేను కూడా జనం తప్పుగా చదువుతారు. ఒక పార్టీకి 42, ఇంకోదానికి 39 వచ్చాయనుకోండి. 'పొరపాటు 3 శాతం' అంటే అది ఒక్కో పార్టీ అంకెకు. రెంటి మధ్య తేడాకు అది ఐదున్నర దాకా పెరుగుతుంది. కాబట్టి ఆ మూడు శాతం ఆధిక్యం ఉండొచ్చు, లేకపోవచ్చు. 'యువత ఎటు వైపు' అంటూ వెయ్యిమందిలోంచి 150 మందిని విడదీసి చూపిస్తే అక్కడ పొరపాటు 8 శాతం. దాని మీద గంటసేపు చర్చ నడిపేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఇక ఓట్ల శాతాన్ని సీట్లుగా మార్చడం పూర్తిగా వేరే విద్య. ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే పద్ధతిలో రెండు శాతం అటూ ఇటూ అయితే పదుల సీట్లు తారుమారవుతాయి.

ఈసారి సర్వే కనబడితే వీటికోసం వెతకండి: ఎవరు చేయించారు, ఏ తేదీల్లో, ఎలా అడిగారు (ఇంటికెళ్లా, ఫోన్లోనా), ప్రశ్న మాటలు యథాతథంగా ఏమిటి, 'ఇంకా తేల్చుకోలేదు' అన్నవాళ్లను ఏం చేశారు. చివరిది అతి ముఖ్యం. 15 శాతం మంది తేల్చుకోకపోతే వాళ్లను తీసేసి మిగిలిన 85ను వందగా పెంచి చూపిస్తారు. 40 కాస్తా 47 అయి కూర్చుంటుంది. ఈ వివరాలేవీ లేని సర్వే మీద మీ గట్టి నమ్మకమే మా నమ్మకం కూడా.

ప్ర: మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక నాయకుడి 20 సెకన్ల వీడియో పెట్టారు. ఆయన అలా అని ఉండడని నాకు అనుమానం. ఏఐతో చేసిందని తేల్చడం ఎలా?

జ: ఏఐ దాకా వెళ్లకండి. ఇలాంటివాటిలో ఎక్కువ భాగం నిజమైన వీడియోలే. ముందు మాటా వెనక మాటా కోసేసినవి, లేదా ఎప్పటివో ఇప్పటివిగా తిప్పుతున్నవి. అందుకని ముందు అసలు వీడియో కోసం వెతకాలి.

వీడియోను ఆపి, ముఖంతో పాటు వెనక బ్యానరో వేదికో కనబడే చోట స్క్రీన్‌షాట్ తీయండి. చుట్టూ ఉన్న వాట్సాప్ గీతలు, కింద అతికించిన శీర్షిక కత్తిరించేయండి. అవి ఉంటే వెతుకులాట దారి తప్పుతుంది. గూగుల్ లెన్స్‌లో పెట్టండి. ఒకటి దొరక్కపోతే వేర్వేరు క్షణాల్లో మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు ప్రయత్నించండి. దొరికినవాటిలో అన్నిటికంటే పాత తేదీ ఉన్నదాన్ని తెరవండి. ఎక్కడి సభో తెలిశాక పూర్తి ప్రసంగం యూట్యూబ్‌లో వెతికి, ఆ 20 సెకన్లకు ముందు ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం వినండి. 'వాళ్లు ఇలా అంటున్నారు' అని ఎదుటివాళ్ల మాట చెప్పి ఖండిస్తుంటే, ఖండించిన ముక్క కోసేయడం పాత ఎత్తు.

ఫైల్ తేదీని నమ్మకండి, అది మీ ఫోన్లోకి దిగిన తేదీ. 'చాలాసార్లు ఫార్వర్డ్ అయింది' అన్న రెండు బాణాల గుర్తు కూడా అది కనీసం అయిదు చేతులు మారిందనే చెబుతుంది, నిజమో అబద్ధమో చెప్పదు.

ఇవన్నీ అయ్యాక కూడా అసలుది దొరక్కపోతే వేగాన్ని పావువంతుకు తగ్గించి పెదవులు చూడండి. ప, బ, మ పలికినప్పుడల్లా రెండు పెదవులూ కలవాలి. కలవకపోతే గొంతు మార్చి ఉండొచ్చు. కలిస్తే మాత్రం ఏదీ తేలినట్టు కాదు, ఇప్పటి నకిలీలు ఆ పరీక్ష గట్టెక్కుతున్నాయి. దొరికిన పూర్తి వీడియో లింకు, చూడాల్సిన నిమిషంతో సహా, బాబాయికి విడిగా పంపండి. గ్రూపులో అందరి ముందూ పెడితే ఆయన వీడియోను వదిలేసి మీ మీద పడతారు.

ప్ర: బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (చూసినవాటి జాబితా దాచుకోని పద్ధతి) పెట్టి చూస్తే ఎవరికీ తెలియదు కదా?

జ: మీ ఫోన్ తర్వాత పట్టుకున్నవాళ్లకు తెలియదు. ఆఫీసు నెట్‌వర్క్‌కి, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, మీరు వెళ్లిన సైటుకు తెలుస్తుంది.

ప్ర: మా ఆఫీసులో మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాల్సిందే. ఇది భద్రతా, వేధింపా?

జ: వేధింపే, పైగా ఫలితం లేని వేధింపు. మాటిమాటికీ మార్చమంటే జనం చివరి అంకె ఒక్కటే 1 నుంచి 2కు, 2 నుంచి 3కు మారుస్తారు. పాతది దొరికినవాడికి కొత్తది చెప్పక్కర్లేదు. గడువు పెట్టి మార్పించొద్దని, బయటికి పొక్కిందని తెలిస్తేనే మార్పించమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. 2003లో గడువు పెట్టి మార్చమన్న పాత నియమాలు రాసినాయనే వాటి గురించి తర్వాత చింతించాడు.

ఆఫీసువాళ్లు వినరు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్లన్నీ దాచిపెట్టే యాప్) పెట్టుకోండి. ప్రతిసారీ కొత్తది అదే పుట్టిస్తుంది. మీరు గుర్తుంచుకోవాల్సింది దాన్ని తెరిచే ఒక్కటే. దానికి ఒకదానికొకటి సంబంధం లేని అయిదు మాటలు కలపండి. మాటలు మనసుకు తోచినవి కాకూడదు, నిఘంటువు కళ్లు మూసుకుని తెరిచి తీసినవి కావాలి. తోచినవైతే దేవుడి పేరూ పిల్లల పేరూ ఎలాగూ వచ్చేస్తాయి. ఆఫీసు ఒప్పుకుంటే 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ యాప్ కూడా కలపండి. ఎస్సెమ్మెస్ కంటే అది మేలు, మీ సిమ్ నంబరును ఇంకొకడు తన పేర మార్పించుకున్నా కోడ్ వాడికి వెళ్లదు. దాన్ని పెట్టేటప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. ఆ కోడ్లు కూడా అదే ఫోన్లో ఉంచితే, ఫోన్ పోయిననాడు రెండూ కలిసే పోతాయి. యాప్ ఇచ్చిన కోడ్ తప్పంటూ పదేపదే వెనక్కి కొడుతుంటే కంగారు పడకండి, ఫోన్ గడియారం ఒక నిమిషం అటూ ఇటూ అయి ఉంటుంది. టైమ్ ఆటోమేటిక్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి.