పాత కాంటెస్సాను ట్రాక్ డేకి తీసుకెళ్లాలంటే ముందు ఏం మార్చాలి?

నాన్నగారి కాంటెస్సాకు ఇంజిన్ పవర్ పెంచి ట్రాక్ డేలో, అంటే సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజున, నడపాలనుంది, దేనితో మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. మాది అనంతపురం. ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉన్న కాంటెస్సా క్లాసిక్‌ను చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నాలుగుసార్లు నడిపాను. ఇంజిన్ జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు బ్రేకులు చూడండి.

నేను మొదటిసారి డబ్బంతా కార్బురేటర్, ఎగ్జాస్ట్ మీద పెట్టాను. మూడో ల్యాప్‌లో పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి దిగిపోయింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే కాస్త పట్టింది. గేర్లు తగ్గించుకుంటూ ట్రాక్ పక్క మట్టిలోకి దిగి ఆగాను. ముందు చక్రాల దగ్గర ఘాటైన కాలిన వాసన, నాకు చేతులు వణుకు. బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది.

ఆ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కు అదే 155 డిగ్రీలు. మరిగితే పైపుల్లో ఆవిరి చేరుతుంది. మనం తొక్కే బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోతుంది, బ్రేక్ ప్యాడ్ల దాకా చేరదు. ఊళ్లో నడిపినన్నాళ్లు ఇది బయటపడదు. అందుకే కొత్త ఆయిల్, వేడికి తట్టుకునే ప్యాడ్లు, కొత్త రబ్బరు హోసులు వేయించండి. వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పించి చూడండి.

తర్వాత రేడియేటర్. మా షెడ్డులో పాత ఇత్తడి రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు తుప్పుతో పూడుకుపోయి ఉన్నాయి. శుభ్రం చేయించి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాను. మే నెల మధ్యాహ్నం, మా అనంతపురం ఎండలో, బండిని అరగంట ఐడిలింగ్‌లో ఉంచి ఇంజిన్ వేడి చూపే ముల్లు కదలకుండా ఉంటేనే చెన్నై బయల్దేరాను. టైర్లు చూడటానికి బాగున్నా వాటి మీది నాలుగంకెల కోడ్ చూడండి, తయారైన వారం, సంవత్సరం తెలుస్తాయి. ఆరేళ్లు దాటిన టైరుతో నేనైతే ట్రాక్ ఎక్కను.

వేరే ఇంజిన్ బిగించాలనుకుంటే ఆర్టీవో అనుమతి తప్పనిసరి. మామూలు ఇన్సూరెన్స్ రేసింగ్‌కూ స్పీడ్ టెస్టింగ్‌కూ వర్తించదు కాబట్టి పాలసీ ఒకసారి చదవండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. చివరి ల్యాప్ బ్రేక్ తొక్కకుండా మెల్లగా తిరిగి రండి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, వేడి డ్రమ్ములకు బ్రేక్ షూలు పట్టేస్తాయి. గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. నా డిక్కీలో ఇప్పటికీ రెండు రాళ్లు ఉంటాయి.