బుజ్జీ, నలభై ఒక్క పుస్తకాల కోసం ఒకేసారి ఎదురుచూడకే

బుజ్జీ,

ఇంకా రాబోయే పుస్తకాలతో నువ్వు పంపిన లిస్టు చూశా. నలభై ఒక్క పుస్తకాలు, ఫాంటసీకి ఒక రంగు, డిస్టోపియాకి (అదే, పాడైపోయిన రేపటి లోకాల కథలకి) ఒక రంగు, రిలీజ్ డేట్ల పక్కన హార్టులు, కొన్నిటికి రెండేసి హార్టులు... ముచ్చటేసింది నిజంగా. కింద నువ్వు రాసిన లైన్ చూశాక మాత్రం నవ్వాలో తిట్టాలో తెలీలేదు. "రెండు హార్టులది పోస్ట్‌పోన్ అయింది పెద్దమ్మా, ఇంక ఈ సంవత్సరం వేస్ట్" అంట. ఓసి పిచ్చిదానా, ఒక్క పుస్తకం ఆరు నెలలు ఆలస్యమైతే సంవత్సరం వేస్ట్ అయిపోద్దా?

స్కూల్ లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు కూర్చున్నదాన్ని, "నెక్స్ట్ పార్ట్ వచ్చిందా మేడమ్" అని రోజూ తొంగిచూసే పిల్లల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు, అసలు నేనే వాళ్ళకంటే పెద్ద పిచ్చిదాన్ని, పైకి చెప్పేదాన్ని కాదంతే. అందుకని నాలుగు ముక్కలు రాస్తున్నా, పెద్దమ్మ లెక్చర్ అనుకోకుండా చదువు.

ముందు ఆ లిస్టు సంగతి తేల్చు. అందులో నువ్వు నిజంగా ఎదురుచూసేవి ఎన్ని, కవర్ చూసి పడిపోయినవి ఎన్ని? దీనికి నా దగ్గర ఒక టెస్ట్ ఉంది. వెనక అట్ట మీద మేటర్ చూడకుండా, ఆ పుస్తకం దేని గురించో, అది నీకెందుకు కావాలో రెండు లైన్లు రాయి. రాయలేకపోతే అది నీ పుస్తకం కాదు, ఎవరో వీడియోలో ఊపిన పుస్తకం. "ఒక అమ్మాయి, ఒక రాజ్యం, ఒక శాపం, శత్రువు కొడుకుతో ప్రేమ" అని రాశావనుకో, అది నీ లిస్టులో ఇరవైకి సరిపోతుంది, కాబట్టి లెక్కలోకి రాదు. నువ్వు రాస్తే నాలుగో అయిదో మిగుల్తాయని నా అంచనా. ఆ అయిదింటికీ హార్టులు పెట్టుకో. మిగతావి ఎక్కడికీ పోవు, వచ్చాక నీలాంటి టేస్ట్ ఉన్నవాళ్ళు ఎవరైనా చదివి బాగుందంటే అప్పుడు చూద్దువు గానీ.

ఇంకోటి, లిస్టులో ఓ నాలుగు అసలు యంగ్ అడల్ట్ కాదు. ఆ కేటగిరీ అంటే మామూలుగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ కోసం అని అర్థం, కానీ ఇప్పుడు పెద్దవాళ్ళ రొమాన్స్ ఫాంటసీలకి కూడా అవే కత్తులు అవే పూలు అవే బంగారు అక్షరాలు వేస్తున్నారు, అట్ట చూసి కనిపెట్టడం నా వల్లే కావట్లేదు. పబ్లిషర్ పేజీలో వయసు రాసి ఉంటుంది, అది చూసి పెట్టుకో. చదవొద్దని కాదు నా గొడవ, ఏం చదవబోతున్నావో తెలిసి చదువు, అంతే.

ఇక డేట్లు. నువ్వు "డిసెంబర్ 31" అని రాసుకుని పక్కన కౌంట్‌డౌన్ పెట్టావే, దాన్ని చూసి నాకు జాలేసింది. అది చాలాసార్లు డేటే కాదమ్మా. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో డేట్ అనే గడి ఖాళీగా వదలకూడదని ఏదో ఒకటి కొట్టేస్తారు, సంవత్సరం చివరి రోజు కొట్టారంటే "మాకూ ఇంకా తెలీదు" అని చదువుకోవాలి. అమెరికాలో పెద్ద పబ్లిషర్లు కొత్త పుస్తకాల్ని ఎక్కువగా మంగళవారం రోజు వదుల్తారు, కాబట్టి ఎవరో ఎక్కడో ఆదివారం డేట్ చెప్పారంటే ఒకసారి అనుమానించు. అది రూల్ ఏం కాదులే, హ్యారీ పాటర్ ఏడోది 2007 జులై 21న శనివారం వచ్చింది, అలాంటి మహా పుస్తకాల లెక్క వేరు. మొత్తానికి రచయిత సొంత న్యూస్‌లెటర్‌లో గానీ పబ్లిషర్ పేజీలో గానీ ఉంటేనే పెన్నుతో రాసుకో, మిగతావన్నీ పెన్సిల్‌తో.

పోస్ట్‌పోన్ అయితే రచయిత మీద కోపం తెచ్చుకోకు. మా లైబ్రరీ పిల్లలకి ఒక చెడ్డ అలవాటు చేసింది హంగర్ గేమ్స్, పిల్లల్ని టీవీలో చచ్చేదాకా కొట్టుకునే ఆటలకి పంపే కథ. మొదటిది 2008, రెండోది 2009, మూడోది 2010, ఏడాదికొకటి గడియారం కొట్టినట్టు వచ్చేశాయి, ఇంక అందరూ అలాగే రాయాలనుకున్నారు పిల్లలు. అలా ఎక్కడ కుదురుద్ది. హ్యారీ పాటర్ నాలుగోది 2000లో వస్తే అయిదోది 2003 దాకా లేదు. టోమీ అడెయెమీ అనే రచయిత్రి ఫాంటసీ సిరీస్‌లో మొదటి నవల 2018 మార్చిలో, రెండోది 2019 డిసెంబర్‌లో, మూడోది వచ్చేసరికి 2024 జూన్. మొదటి భాగం చదివినప్పుడు పదమూడేళ్ళున్న పిల్ల మూడో భాగం నాటికి కాలేజీలో ఉంటుంది. ఎరగాన్ సిరీస్ అయితే ఇంకా తమాషా, మూడు భాగాలే అని మొదలుపెట్టి, కథ పట్టక నాలుగు చేశాడు రచయిత క్రిస్టఫర్ పావొలీని, మూడోది 2008లో నాలుగోది 2011లో వచ్చాయి, అయిపోయిందిలే అనుకుంటే 2023లో అదే ప్రపంచంలో ఇంకోటి.

అసలు ఎదురుచూపు అంటే ఎర్త్‌సీ అనే ఫాంటసీ సిరీస్ చదివినవాళ్ళది. ఉర్సులా లెగ్విన్ 1968లో మొదలుపెట్టి 1972కి మూడు పుస్తకాలు ఇచ్చింది, నాలుగోది 1990లో. పద్దెనిమిదేళ్ళు! పైగా దాని మీద ఇదే చివరి పుస్తకం అని వేశారు, ఆ మాట మీద నిలబడిందా అంటే లేదు, 2001లో ఇంకో రెండు వచ్చాయి. కానీ ఆ నాలుగోది చదివితే తెలుస్తుంది, అది నాలుగేళ్ళలో రాయగలిగే పుస్తకం కాదు, ఆవిడ మారింది, ఆ ప్రపంచాన్ని చూసే చూపే మారింది. మొదటి మూడూ మగ మాంత్రికుల కళ్ళతో నడిచిన లోకంలో మంత్రాలు లేని ఆడవాళ్ళు ఎలా బతుకుతారు అని కూర్చుని అడిగింది. (రెండోదాంట్లో టెనార్ అనే అమ్మాయి ఉంది కదా అంటావు, ఉంది, ఒప్పుకుంటా, కానీ నాలుగోదాంట్లో టెనార్‌ని చూశాక మాట్లాడు.) ఏదో డెడ్‌లైన్ అని 1974లో తోసేసుంటే మనకి ఆ పుస్తకం దక్కేది కాదు.

సరే, ఇప్పుడు అసలు పని చెప్తా, పక్కాగా పనికొచ్చేది ఇదొక్కటే. సిరీస్‌లో ఏ భాగమైనా చదవడం అయిపోయిన రోజే ఒక పేజీ నోట్స్ రాసుకో. ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు, ఎవరు ఎవరికి అబద్ధం చెప్పారు, ఏ రహస్యం ఎవరికి తెలుసు, ఏ వస్తువు ఎవరి దగ్గరుంది. అంతే. రెండేళ్ళ తర్వాత తర్వాతి భాగం వస్తే ఆ పేజీ చదువుకుని దిగిపోవచ్చు. నేను ఇది నేర్చుకుంది పరువు పోగొట్టుకున్నాకే. ఒక సిరీస్ మూడో భాగంలో ఒకడు చచ్చిపోతే వెక్కి వెక్కి ఏడ్చా, ఇంకో ముప్ఫై పేజీలు చదివాక తెలిసింది వాడు రెండో భాగం చివర్లో అందర్నీ పట్టిచ్చినవాడని, నేను వాణ్ణి ఇంకెవడో అనుకుని ఏడ్చానని. ఆ కన్నీళ్ళు ఎవరిస్తారు వెనక్కి? టైముంటే మొత్తం తిరిగి చదువు, అది ఇంకా మేలు, కానీ రిలీజ్‌కి మూడు నెలల ముందు కాదు, రెండు మూడు వారాల ముందు, అప్పుడే పేర్లూ ఊర్లూ వేడిగా ఉంటాయి.

తర్వాతి భాగం వెనక అట్ట చదవకు, నీ ఫ్రెండ్‌కి మొదటి భాగం ఇచ్చేటప్పుడు రెండోది పక్కన పెట్టి చూపించకు కూడా. రెండో పుస్తకం అట్ట మీద మొదటి లైనే మొదటి పుస్తకం క్లైమాక్స్ చెప్పేస్తుంది, ఎప్పుడూ ఇంతే వీళ్ళు. ముందుగా వదిలే శాంపిల్ చాప్టర్ కూడా నేను ముట్టుకోను. ఒక్క చాప్టర్ చదివి అయిదు నెలలు ఆగడం కంటే ఏమీ చదవకుండా ఆగడమే హాయి. నీకు ఆగడం చేతకాకపోతే చదువుకో, నేనేం పోలీసుని కాదు.

రేటింగుల గురించి చెప్పాలి. లిస్టులో ఒకదాని పక్కన "4.8 ఉంది పెద్దమ్మా!!!" అని రాశావు. ఆ పుస్తకం ఇంకా రాలేదు కదే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుస్తకం బయటికి రాకముందే చుక్కలు వేసేస్తారు జనం, ఆశ కొద్దీ కొందరు అయిదు, రచయిత మీద ఏదో కోపం కొద్దీ కొందరు ఒకటి. నిజంగా చదివినవాళ్ళు కొంతమంది ఉంటారు, అడ్వాన్స్ కాపీలు అందినవాళ్ళు, అవి తప్పులు పూర్తిగా దిద్దని కాపీలు, ఫైనల్‌లో లైన్లు మారొచ్చు. వాళ్ళవి చదవాలనుకుంటే మూడు చుక్కల రివ్యూలు చదువు. అయిదు చుక్కలవాళ్ళు కేకలేస్తారు, ఒక చుక్కవాళ్ళు తిడతారు, మూడు చుక్కలవాళ్ళే కూర్చుని ఏం బాగుంది ఏం బాలేదు చెప్తారు.

డిస్టోపియాలు ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకో, ఈ రూల్ వల్ల లాభం ఎవరికి? పదహారేళ్ళకి అందరినీ రంగుల వారీగా విడదీస్తారు, సరే, ఎందుకు? ఎవడికి ఏం ఒరిగింది? దానికి జవాబు లేని కథలు 2010 తర్వాత వరసగా వచ్చాయి, ఒకటి హిట్ అయిందని ఇరవై, నేను అన్నీ తెప్పించా లైబ్రరీకి, ఇప్పుడు సగం పేర్లు గుర్తులేవు. హంగర్ గేమ్స్ ఎందుకు నిలబడింది మరి? సుజాన్ కాలిన్స్ ఒక రాత్రి టీవీ చానెళ్ళు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం, రెండూ కళ్ళ ముందు కలిసిపోయాయంట, అక్కడి నుంచి పుట్టింది ఆ కథ. అంటే భవిష్యత్తు గురించి కాదు, ఆ రాత్రి సోఫాలో కూర్చున్న మనిషి గురించి రాసింది. కొత్తగా వచ్చేదాంట్లో అలాంటి కుట్టే ప్రశ్న ఏదైనా కనిపిస్తుందా చూడు, కనిపించకపోతే హార్ట్ తీసెయ్.

ప్రీక్వెల్ (పాత కథకి ముందు జరిగింది తర్వాత రాసే పుస్తకం) అంటే నీకు చిరాకని తెలుసు, "ఎవరు గెలుస్తారో తెలిసిపోయాక ఇంకేముంది" అంటావు. నేనూ అదే అనుకున్నా. హంగర్ గేమ్స్‌లో హీరోయిన్‌కి గురువైన హేమిచ్ 50వ ఆటల్లో గెలిచాడని, ఆ ఏడు 24 మంది బదులు 48 మందిని పంపారని 2009 నుంచీ తెలుసు మనకి, దాని మీద 2025 మార్చిలో మొత్తం నవల వచ్చింది. చదివాక నోరు మూసుకున్నా. మనకి తెలుసనుకున్న కథ మనకెవరు చెప్పారు, ఏది కత్తిరించి చెప్పారు అన్నదే అక్కడ పాయింట్. అంతకంటే చెప్పను, స్పాయిలర్.

ఫాంటసీకి నా ప్రశ్న వేరు, మంత్రానికి వెల ఏంటి? చేసినవాళ్ళు ఏం పోగొట్టుకుంటారు? ఏమీ పోకపోతే నాకు ఆసక్తి పోతుంది.

ప్రీఆర్డర్ నీ అయిదింటిలో కొత్త రచయితలకి చెయ్యి. ముందే కట్టిన ఆర్డర్లన్నీ మొదటి వారం అమ్మకాల్లో కలుస్తాయి, ఎన్ని కాపీలు వెయ్యాలో తేల్చుకోడానికి పబ్లిషర్ కూడా ఆ లెక్క చూస్తాడు, పేరున్నవాళ్ళకి నీ ఒక్క కాపీ లెక్కలోది కాదు గానీ మొదటి పుస్తకం వాళ్ళకి పనికొస్తుంది. అంచులకి రంగులేసిన స్పెషల్ ఎడిషన్లు మొదటి ప్రింట్‌కే ఉంటాయని భయపెడతారు, సంవత్సరానికి ఒకటి కొనుక్కో, అది కూడా నువ్వు ముందు భాగం చదివి ప్రేమించిన సిరీస్‌దే. చదవని పుస్తకం ఎంత అందంగా ఉన్నా అది గోడకి తగిలించే బొమ్మే.

రిలీజ్ రోజు దగ్గరపడ్డాక ఆ పేర్లన్నీ ఫోన్లో మ్యూట్ చేసెయ్. 2007లో హ్యారీ పాటర్ ఏడోది రిలీజ్ కాకముందే ఎవరో పేజీ పేజీ ఫోటోలు తీసి నెట్‌లో పెట్టేశారు, అప్పుడు స్మార్ట్‌ఫోన్లు చేతిచేతికీ లేవు కాబట్టి చాలామంది బతికిపోయారు, ఇప్పుడు తప్పించుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఒక్క రాత్రిలో చదివెయ్యాలని పందెం పెట్టుకోకు, మూడేళ్ళు ఆగి ఆరు గంటల్లో మింగేస్తే పొద్దున్నే నీకే దిగులేస్తుంది, నేను చాలాసార్లు పడ్డా. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. అన్ని రోజులు ఆగాను కాబట్టి బాగుండి తీరాలి అని నీకు నువ్వే నచ్చచెప్పుకోకు, రెండేళ్ళ తర్వాత ఇంకోసారి తీసి చూడు, అప్పుడు వేరే పుస్తకంలా కనిపించొచ్చు, కనిపించకపోనూవచ్చు.

పోస్ట్‌పోన్ అయిన నీ రెండు హార్టులది వచ్చేలోపు ఎర్త్‌సీ పట్టుకో, పూర్తయిపోయిన సిరీస్, ఎవరి డేట్ల కోసమూ ఆగక్కర్లేదు, నా కాపీలు పంపిస్తా. నాలుగోదాంట్లో మార్జిన్‌లో నా రాతలున్నాయి, పట్టించుకోకు, పట్టించుకున్నా నవ్వకు.

లిస్టు తగ్గించి మళ్ళీ పంపు. పదిహేడో నంబర్ పుస్తకం మాత్రం కొట్టెయ్యకు, దానికి నాది కూడా ఒక హార్ట్ వేసుకో, నేనూ దానికోసమే చూస్తున్నా, ముందు ఎవరికొస్తే వాళ్ళు రెండోవాళ్ళకి ఒక్క ముక్క కూడా చెప్పకూడదు.

మీ పెద్దమ్మ