బాబుకి థెరపీ నడుస్తోంది, మరి అమ్మ సంగతి? ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనిచేస్తుందా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు, ఐదేళ్ల బాబుకి ఆటిజం, స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేది) నడుస్తున్నాయి. ఇప్పుడు మీకే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తోంది, అది ఆన్‌లైన్‌లో అయితే పనిచేస్తుందా? అత్తగారేమో "బాగోలేనిది వాడికి, నీకెందుకు కౌన్సెలింగ్" అంటున్నారు.

పనిచేస్తుందండీ. నాకు పనిచేసింది. కాకపోతే ఎవరితో, ఏ భాషలో, ఇంట్లో ఎక్కడ కూర్చుని మాట్లాడతారన్న దాన్నిబట్టి చాలా ఉంటుంది.

మాది రామ్మూర్తి నగర్. పాపకి మూడో ఏట ఆటిజం అని తేలింది, ఇప్పుడు తొమ్మిదేళ్లు. థెరపీ సెంటర్‌కి తీసుకెళ్లి తీసుకురావడానికే రోజు సరిపోయేది. ఇక నా కోసం ఇంకో క్లినిక్‌కి, ఈ ట్రాఫిక్‌లో, పాపని ఎవరి దగ్గరో వదిలి వెళ్లడం కుదిరే పని కాదు. అందుకే ఆన్‌లైన్ వైపు చూశాను.

మా సైకాలజిస్టు మొదట్లో నా బాధల గురించి ఏమీ అడగలేదు. "నిన్న సాయంత్రం నాలుగు నుంచి పడుకునే దాకా ఏం జరిగిందో గంట గంటకీ చెప్పండి" అన్నారు. చెబుతుంటే నాకే తెలిసొచ్చింది. పాప అరిచి ఏడ్చిన అరగంట కన్నా, ఆ తర్వాత ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసి "మాటలొచ్చాయా?" అని అడిగిన రెండు నిమిషాలే నన్ను ఎక్కువ కుంగదీశాయి. ప్రతి వారం అదే ప్రశ్న, నా దగ్గర అదే సంజాయిషీ. ఆ సెషన్‌లోనే ఇద్దరం కలిసి ఒక జవాబు అనుకున్నాం: "పాప బాగుంది పిన్నీ. కొత్త సంగతి ఏదైనా ఉంటే నేనే ఫోన్ చేసి చెప్తాను." సైకాలజిస్టు ముందే దాన్ని పైకి అని చూశాను కూడా. నిజంగా పిన్నితో అన్నప్పుడు గొంతు వణికింది. పిన్ని కాసేపు ఊరుకుని "సరేలే, నువ్వు తిన్నావా?" అంది. ఆ తర్వాత ఆ ఫోన్లకి నేను భయపడలేదు.

కౌన్సెలింగ్ అంటే ఓదార్పు మాటలే అనుకుంటారు చాలామంది. నాకు దొరికింది మాత్రం ఇలాంటి పనికొచ్చే సాయం.

రెండోది, తప్పు నాదేనేమో అన్న ఆలోచన. ఫోన్ ఇచ్చినందుకా, ఉద్యోగానికి వెళ్లినందుకా అని రాత్రిళ్లు తవ్వుకునేదాన్ని. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే అన్నారండీ. 1950లు, 60లలో తల్లి ప్రేమ కరువైతే పిల్లలకి ఆటిజం వస్తుందని నమ్మేవారు. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన కొడుకుకీ ఆటిజమే, 1964లో పుస్తకం రాసి ఆ వాదాన్ని ఎదిరించారు. ఇది మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా, పెంపకం వల్ల రాదు. ఇప్పుడు ఇందులో రెండో మాట లేదు. అయినా ఈ సంగతి చదివి తెలుసుకోవడం వేరు, ఒక మనిషి మన మొహం చూస్తూ చెప్పడం వేరు. నాకు చెప్పించుకోవాల్సిన అవసరం ఉండింది.

భాష విషయంలో రాజీ పడకండి. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడినా, అత్తగారి మాట, మొగుడి మౌనం, అమ్మ ముందు దాచుకున్న ఏడుపు తెలుగులోనే బయటికొస్తాయి. బెంగళూరులోనే వెతకాలని లేదు కదా, హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న తెలుగు సైకాలజిస్టు అయినా సరే. ఆన్‌లైన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గర కాస్త గట్టిగా ఉండండి. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడగండి, మంచివాళ్లు ఏమీ అనుకోరు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో పనిచేశారా అని కూడా అడగండి. నేను మొదట చేరిన ఒక యాప్‌లో అంతా చాటింగే. ఏం రాసినా "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని అవే వాక్యాలు తిరిగొచ్చేవి. డబ్బు కట్టిన నెల అవగానే మానేశాను.

మేము అడిగిన చోట్ల ఒక సెషన్‌కి వెయ్యి నుంచి రెండు వేల మధ్య చెప్పారు. అంతకు ముందు మీ ఇద్దరి ఆఫీసుల్లో ఈఏపీ, అంటే ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే కౌన్సెలింగ్ సాయం, ఉందేమో చూడండి. ఐటీ కంపెనీలు చాలావాటిలో ఉద్యోగికే కాదు, ఇంట్లోవాళ్లకి కూడా కొన్ని సెషన్లు ఉచితం. ఎవరు ఏం మాట్లాడారో కంపెనీకి చెబుతారా లేదా అన్నది మాత్రం మొదటే అడిగి తేల్చుకోండి.

డబ్బు కుదరకపోతే, లేదా రేపటిదాకా ఆగలేననిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి: 14416. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, మన బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలోనే నడుస్తుంది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, భాషల్లో తెలుగు ఉంది. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలనో పిల్లాడితో సహా ఏదైనా చేసుకోవాలనో ఆలోచన వచ్చినా వీడియో కాల్ స్లాట్ కోసం ఎదురుచూడకండి. ఆ నంబరుకి ఫోన్ చేసి, ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఇలాంటి ఆలోచనలు మంచి తల్లులకీ వస్తాయి, సిగ్గుపడేది ఏమీ లేదు.

ఇక అత్తగారు. మా అత్తగారూ అదే మాట అన్నారు. ఒకసారి సెషన్ చివర్లో కాసేపు కూర్చోమన్నాను. ఆవిడ నా మీద ఫిర్యాదు చేస్తారనుకుంటే, "నేను పోయాక, వీళ్లిద్దరూ పోయాక దీన్నెవరు చూస్తారమ్మా?" అని అడిగారు. ఇన్నేళ్లూ ఆ భయం లోపలే పెట్టుకున్నారు. ఆటిజం లాంటివి ఉన్నవాళ్ల కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పాపకి 18 ఏళ్లు నిండాక లీగల్ గార్డియన్‌ని పెట్టుకోవచ్చనీ, నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉందనీ ఆ రోజే మాకు తెలిసింది. ఆ నెలలోనే కాగితాలు పోగేయడం మొదలుపెట్టాం. ఇప్పుడు నా సెషన్ టైమ్‌కి పాపని ఆవిడే చూసుకుంటారు.

మాట్లాడే చోటు ముందే చూసి పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కారులో కూర్చుంటే ఏకాంతం దొరికింది కానీ సిగ్నల్ పోయేది, సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గరే. చివరికి పడగ్గది తలుపేసుకుని, ఫ్యాన్ పెద్దగా పెట్టుకుని, హెడ్‌ఫోన్స్‌తో మాట్లాడటం అలవాటైంది.

స్లాట్ తీసుకునేటప్పుడు బాబు స్కూల్ నుంచి రావడానికి అరగంట ముందే అయిపోయేలా పెట్టుకోండి. కొన్ని రోజులు బాగా ఏడుపొస్తుంది, మొహం కడుక్కుని ఒక కాఫీ తాగడానికైనా ఆ టైమ్ కావాలి.